తెలుగు రాని మోటారు అంగడి

"అప్పా, ఈ నెలాఖరుకు రూము ఖాళీ చేయల్ల," అన్నాడు జయరామయ్య నాలుగోసారి.

కొరియా నుంచి వచ్చి బత్తలపల్లెలో బోరు మోటార్లు బాగుచేసే అంగడి పెట్టిన యూన్, నాలుగోసారీ ఆప్యాయంగా నవ్వి స్టూలు తుడిచి చూపించాడు. తెలుగు ముక్క రాదు. ఈ రూము పోతే మరో చోట దొరికేది లేదు, తట్టాబుట్టా సర్దుకుని స్వదేశం పోవాల్సిందే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, యూన్‌కు తప్ప.

రూము జయరామయ్యది. మేనల్లుడు సాయిగణేష్ సెల్‌ఫోన్ల షాపుకు ఇస్తానని మాటిచ్చేశాడు. పక్కవీధి అంజలి కొరియా వాళ్ళ కార్ల ఫ్యాక్టరీలో చేరి కొరియా భాష నేర్చుకుంది. సాయంత్రం ఆమె బస్సు దిగాక తేల్చుకుందామని జయరామయ్య స్టూలు మీద కూలబడ్డాడు.

అంతలో ఆటోలో మోటారు వేసుకుని ఇమాం హుస్సేన్ దిగాడు. డెబ్బై ఏళ్ళ బత్తాయి రైతు.

"అప్పా, మోటరు కాలిపోయినాది. ఇంగొక్క రోజు నీళ్ళు తగలకుంటే చీనీ మొక్కలన్నీ మాడిపోతాయి. నువ్వే దిక్కప్పా."

యూన్ ముందు ఆయన్ని నీడలో కూర్చోబెట్టాడు. తన క్యారియర్ విప్పి ముందుపెట్టి, తినేదాకా ఊరుకోలేదు. తర్వాత మోటారు విప్పాడు. మాడిన తీగ వాసన చూశాడు. గాడుల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. ఇక కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

జయరామయ్య ఎందరో మెకానిక్కులను చూశాడు. వాళ్ళ చేతులకన్నా నోళ్ళే ఎక్కువ పనిచేస్తాయి. ఈయన కాగితం చూడడు, పైకి లెక్కపెట్టడు, తల ఎత్తడు. తీగ మాత్రం ఎక్కడా మడత పడకుండా, చుట్టు పక్కన చుట్టు ఒదిగి కూర్చుంటోంది. చూస్తూ చూస్తూ జయరామయ్య మధ్యాహ్నం భోజనమే మర్చిపోయాడు.

పొద్దు వాలేసరికి యూన్ స్విచ్చి వేసి, చెయ్యి పెట్టి చూడమని సైగ చేశాడు. జయరామయ్య పెట్టాడు. లోపల అంత వేగంగా తిరుగుతున్నా అరచేతికి అదురు తెలియలేదు. ఇంత పనితనం ఉంటుందని ఇన్నేళ్ళలో అనుకోలేదు.

"సల్లగుండప్పా," అంటూ ఇమాం హుస్సేన్ కళ్ళు ఒత్తుకున్నాడు. తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడి నెరిసిన తలను యూన్ మెల్లగా నిమిరాడు. ఇదేం మర్యాదో జయరామయ్యకు అంతుపట్టలేదు.

అంజలి వచ్చింది. "ఏమి మామా, ఖాళీ చేయమని చెప్పల్లనా?"

"అది ఉండనీమ్మా. ఇంత పనోడు వాళ్ళ దేశంలో రాజా మాదిరి బతకచ్చు గదా. మాట తెలీని సోట, ఈ ఎండల్లో ఏంటికి పడుండాడో అడుగు."

అడిగింది. యూన్ ఇమాం హుస్సేన్‌ని చూపించాడు, రోడ్డు మీద పోయేవాళ్ళను చూపించాడు, చివరికి జయరామయ్యనూ చూపించి ఏదో చెప్పాడు. అంజలి జయరామయ్య వైపు తిరిగింది.

"వాళ్ళ భాషలో అప్పా అంటే నాయన, మామా. వచ్చిన రోజు నుంచి ఊరు ఊరంతా నాయనా నాయనా అని పిలుస్తాంటే, నీతో కలిపి ఇంతమంది బిడ్డల్ని ఇడిసిపెట్టి యాడికి పోయేది అంటాండాడు."