నడుమ చోటు

పులి వస్తే అడవి గేదెలు దూడల్ని నడుమ పెట్టుకుని, కొమ్ములు బయటికి తిప్పి చుట్టూ నిలబడతాయి. ఒకసారి మందనంతా అలా నిలబెట్టి, తానే ముందుకు దూకి పులిని తరిమినవాడు గండయ్య అనే దున్న. ఆ పోరులో అతని తొడ చీరుకుపోయింది. "నువ్వూ నడుమకి వచ్చి కాస్త పడుకో నాయనా," అని పిలిచింది ముసలి గేదె మచ్చమ్మే. మందంతా అతన్ని రాజుని చేసుకుంది.

గాయం మానింది. రాజు మాత్రం నడుమ నుంచి కదల్లేదు, చుట్టూ నిలబడ్డవాళ్లని కదలనివ్వనూ లేదు. గోల చేస్తున్నాయని దూడల్ని బయటికి గెంటించాడు.

ఇవాళా మచ్చమ్మ కాళ్లు పీకుతున్నా ఎండలో అలాగే నిలబడింది. ఆమె కొమ్ములకెదురుగా ఓ దూడ వణుకుతూ అడిగింది: "పులి వచ్చిందా అమ్మమ్మా?"

"లేదమ్మా," అంది మచ్చమ్మ గొంతు తగ్గించి. "రాజుగారు పడుకున్నారు."