ప్రొఫైల్ పద్నాలుగు

బావ షాపులోని లక్ష్మీదేవి పటాన్ని కొట్టేయాలని నరసింగరావు నిశ్చయించుకున్నాడు. దొంగతనం అనే మాట మాత్రం అతని మనసులోకి రాలేదు. కళాపోషణ అనుకున్నాడు.

అతనికి పన్నెండు రంగుల ప్రింటరు కావాలి. కొత్తవలసలో ఎరువుల షాపు నడుపుకునే మనిషికి అంత ప్రింటరు దేనికని ఎవరైనా అడిగితే, అడిగిన పాపానికి రెండు గంటల పాఠం వినాలి. ఇంట్లో ఉన్న ఆరు రంగుల ఇంక్‌జెట్‌కి తనే గొట్టాలు తగిలించి, బయట సీసాల్లోంచి ఇంకు పారించాడు. ఇంకు చిమ్మే హెడ్డు మూసుకుపోతే సిరంజితో గోరువెచ్చని నీళ్లు పట్టేవాడు. కన్నతల్లి దగ్గినా అంత కంగారుపడి ఎరగడు.

ఇక రంగుల ప్రొఫైల్ పిచ్చి వేరే, అంటే తెర మీది రంగే కాగితం మీదా పడేలా కుదిర్చే లెక్క. తొమ్మిది వందల రంగుగళ్లున్న షీటు ప్రింటు తీయాలి. దాన్ని స్కాన్ చేసి, ఏ రంగు ఎంత తప్పిందో కంప్యూటరుకు చెప్పాలి. మళ్లీ ప్రింటు తీయాలి. ప్రతి ప్రయత్నానికీ ఒక నంబరు. పద్నాలుగు తప్పాక, పదిహేనోది కుదిరిందని తనకు తానే ప్రకటించుకున్నాడు.

పాడైన షీట్లు పారేయడానికి మనసొప్పలేదు. అన్నీ మందపాటి ఖరీదైన కాగితాలు. "ఎనక వైపు వాడుకో. రోజూ ఒక పేజీ కొట్టకపోతే హెడ్డు ఎండిపోతాది" అని భార్య పద్మకుమారికి అప్పగించాడు. స్కానూ ప్రింటూ నేర్పాడే కానీ, ఆవిడకి రంగుల జ్ఞానం శూన్యమని అతని గట్టి నమ్మకం.

దానికి సాక్ష్యం పూజగదిలోనే ఉంది. కిందటి కార్తీకంలో ఆవిడ అన్న జగన్నాధం విజయనగరంలో తన షాపుకి సున్నం వేయిస్తూ, గోడ మీది లక్ష్మి పటాన్ని రెండు రోజులు వీళ్లింట్లో ఉంచాడు. పటం తిరిగి వెళ్లిపోయిన మర్నాడు అదే లక్ష్మి ఇక్కడ పూజగదిలో కొత్త ఫ్రేములో వెలిసింది.

"స్కాన్ సేసి ఒకటి కొట్టుకున్నానండి" అంది పద్మకుమారి. "ఆ పటం నాకే ఇస్తానన్నాడు మా నాన్న. అన్నయ్య షాపుతోపాటు అదీ ఉంచేసుకున్నాడు."

"కాగితం ముక్క కోసం ఏడుపేటి? అయినా ఆ ఎరుపు సూడు, ఇటికరాయి రంగు. పసుపు మరీ ఎక్కువైపోనాది. నా మిషన్‌కి సెడ్డపేరు తెచ్చినావు."

ఆ రోజు నుంచి ఆవిడ దీపం పెట్టిన ప్రతిసారీ అతను ఆ పటాన్ని ఒక తిట్టు తిట్టేవాడు. ఆవిడ వత్తి ఎగదోసి తన పూజ తాను చేసుకునేది.

నాలుగు నెలలు గడిచాక విశాఖ నుంచి పాత వస్తువుల వ్యాపారి ఒకాయన జగన్నాధం షాపుకొచ్చాడు. గోడ మీది పటాన్ని కిందనుంచే చూసి, వందేళ్ల నాటి అచ్చులా ఉంది, అమ్ముతారా అని అడిగాడు. లక్ష్మిని అమ్ముకోనని జగన్నాధం చెవులు మూసుకున్నాడు. అక్కడే కూర్చున్న నరసింగరావు, ఆ డబ్బుతో పన్నెండు రంగుల ప్రింటరు వస్తుందని లెక్కేసుకుని, వ్యాపారి ఫోన్ నంబరు తీసుకున్నాడు.

"ఫ్రేముతో సహా తీసుకురండి. విప్పొద్దు. మేకు కదిలితే విలువ పోతుంది" అని ఫోన్లో చెప్పాడు వ్యాపారి.

భార్య చేసిన స్కాన్ కంప్యూటర్లో ఉండనే ఉంది. నరసింగరావు ఒక కాపీ తీసి, బావ భోజనానికి వెళ్లిన వేళ షాపుకి పట్టుకెళ్లి పటం పక్కన పెట్టి చూశాడు. ట్యూబ్‌లైటు కింద కలిసింది. గుమ్మంలో, ఎండలో పెట్టి చూశాడు. అక్కడా కలిసింది. ఏడాదిగా ఏ ఫొటోకీ సరిగ్గా కుదరని రంగులు మొదటి దెబ్బకే అచ్చు గుద్దినట్టు కుదిరాయి. ఇలాంటివాడు కొత్తవలసలో పుట్టడం దేశానికి నష్టమని అతనికి నిజంగానే బాధ కలిగింది.

"ఫ్రేము పుచ్చిపోతన్నాది బావా. కొత్తది కట్టించి తెస్తాను" అన్నాడు, జగన్నాధం తిరిగి రాగానే.

"పుణ్యముంటాది బావా, అట్టుకెళ్లు" అన్నాడు జగన్నాధం.

వారంలో నరసింగరావు కాపీ కొత్త ఫ్రేములో షాపు గోడెక్కింది. జగన్నాధం దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. ఆ కొబ్బరిముక్కే నములుతూ నరసింగరావు విశాఖ పాసింజరు ఎక్కాడు. పాత ఫ్రేము సంచిలో ఉంది.

వ్యాపారి మేకులు ఒక్కొక్కటే ఊడబీకాడు. అట్ట తీశాడు. కాగితం వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత నరసింగరావు వైపు తిప్పాడు.

తొమ్మిది వందల రంగుగళ్లు. కింద ఎర్ర పెన్నుతో నరసింగరావు చేతిరాత: 'ప్రొఫైల్ 14. ఫెయిల్.'

"వందేళ్ల కిందట కంప్యూటర్లు ఉండేవాండి?" అన్నాడు వ్యాపారి. ఫోన్ తీసి నరసింగరావు ఫొటో ఒకటి కొట్టాడు. "ఇది మా వాళ్లందరికీ పంపిస్తాను. ఇకమీదట ఏ లక్ష్మిని పట్టుకొచ్చినా మిమ్మల్ని నేరుగా పోలీసులకి అప్పజెప్తాం."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పద్మకుమారి పూజగదిలో వత్తులు వేస్తోంది. అతను కాగితాన్ని ఆవిడ ముందు పడేశాడు.

"ఇదేటి?"

"నేను కొట్టిందేనండి. ఎనక వైపు వాడమన్నారు కదా" అంది ఆవిడ, ఏమాత్రం బెదరకుండా. "ఇది అన్నయ్య గోడ మీద ఉండాల. మీ సంచిలోకి ఎలగొచ్చినాది?"

అతను సంచిని వెనక్కి దాచుకున్నాడు.

"మరి అసలు పటం ఏదే?"

పద్మకుమారి దీపం వెలిగించి, ఎదురుగా ఉన్న లక్ష్మికి దండం పెట్టుకుంది.

"ఇటికరాయి రంగని రోజూ మీరు తిడతన్నారే, ఇదేనండి."