పుల్ల ఆగిన చోటు

డాక్టరమ్మ చేతిలో ఉన్నదల్లా ఒక పొడవాటి పుల్ల, దాని కొనకు చిటికెడు ఎర్ర రంగు. గోడకు మాత్రం నాలుగు డిగ్రీ పట్టాలు వేలాడుతున్నాయి. అక్కకు అక్కడే తేడా కొట్టింది.

చూపు ఎటు నిలిపితే మెదడులో దాగిన భయం కదులుతుందో ఆ చోటు పట్టుకోవాలట. కన్ను అక్కడే ఉంచి కూర్చుంటే చాలట, మెదడు తన పని తాను చేసుకుంటుందట. తమ్ముడు ఇంట్లో ఇదంతా చెబుతుంటే, వాడి చెవిలో ఎవరో పువ్వు పెట్టారని తేల్చేసింది. కాపలాకు తనూ బయల్దేరింది.

ఏడాది కిందట ఖాళీ స్కూలు బస్సును షెడ్డుకు తీసుకెళుతుంటే ఎడమవైపు నుంచి లారీ గుద్దింది. పక్కన కూర్చున్న తమ్ముడి కాలు విరిగింది. స్టీరింగ్ దగ్గరున్న అక్కకు చిన్న గీత కూడా పడలేదు. పదిహేనేళ్లు బస్సు నడిపిన మనిషి, నడుము నొప్పంటూ అప్పట్నుంచీ ఆఫీసులో హాజరు పట్టీలు రాస్తోంది. ఈ నెలాఖరుకు బస్సెక్కకపోతే ఆ సీటు ఇంకొకరికిచ్చేస్తారు.

తమ్ముడి కాలు కుదురుకుంది. హారన్ వింటే ఉలిక్కిపడుతున్నానని మాత్రం వాడే చెప్పాడు. వాడు ఉలిక్కిపడగా ఆమె ఒక్కసారీ చూడలేదు.

"మీరూ కాస్త ముందుకు జరగండమ్మా," అంది డాక్టరమ్మ.

అక్క జరిగింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది.

పుల్ల కుడి నుంచి ఎడమకు మెల్లగా కదిలింది. తమ్ముడు ఆవులింత ఆపుకున్నాడు. డాక్టరమ్మ వాడి ముఖం చూడటం మానేసి మాటిమాటికీ ఇటే చూస్తోంది. ఇద్దరూ కలిసి ఏదో నాటకం ఆడుతున్నారు, సందేహం లేదు. ఆ పుల్ల గుట్టేమిటో తేల్చాలని అక్క రెప్ప వేయకుండా దాన్నే చూసింది.

ఎడమవైపు, కాస్త కిందకు వచ్చాక పుల్ల ఆగింది.

అక్క కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను నొక్కింది.

"ఏం కనిపిస్తోంది?" నెమ్మదిగా అడిగింది డాక్టరమ్మ.

తమ్ముడు అక్కవైపు చూశాడు.

"లారీ," అంది అక్క. "వస్తోందని వీడు చెబుతూనే ఉన్నాడు. నేనే వినిపించుకోలేదు."

ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. డాక్టరమ్మ పుల్లను కదపలేదు. ఆ ఎర్ర కొననే చూస్తూ అక్క చాలాసేపు ఏడ్చింది. మొదట భయమేసింది, తర్వాత గుండె కాస్త తేలికపడింది.

తేరుకున్నాక సిగ్గేసింది. వాడి వైద్యం మధ్యలో చెడగొట్టానని నొచ్చుకుంది.

"ఏం చెడిపోలేదులెండి," అంటూ డాక్టరమ్మ ఫైలు ఇటు తిప్పింది. "మళ్లీ రావాలంటే ఇక్కడ మీ సంతకం కావాలి."

చదవకుండా దేనిమీదా సంతకం పెట్టే రకం కాదు అక్క. బ్యాగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మొదటి లైను నుంచీ మొదలెట్టింది.

పేషెంటు పేరు అన్నచోట, కోడి కెలికినట్టుండే తమ్ముడి చేతిరాతలో, ఆమె పేరే ఉంది.