పంపేవాళ్ళ పేరు

“పంపేవాళ్ళ పేరు అడుగుతాంది శెట్టిగారూ. పెద్దసుబ్బయ్య అని కొట్టేదా?”

“వద్దొద్దు! నా పేరు యాడా కనపడకూడదు.”

కంప్యూటర్లు అమ్మే కుర్రాడు లేవి చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. అమ్మిన కంప్యూటరును బిగించి, ఈమెయిలు కూడా పెట్టిచ్చి పోదామని వచ్చాడతను. కర్నూలు వన్‌టౌన్‌లో సున్నం, రంగులు అమ్ముకునే పెద్దసుబ్బయ్యకు ఈ వయసులో కంప్యూటరు ఎందుకో అతనికి ముందే అర్థం కాలేదు. ఇప్పుడు ఇదొకటి.

“పోనీ, బోర్డు మీద ఉండే పేరే పెడదాం. సుందరలక్ష్మి పెయింట్స్.”

పెద్దసుబ్బయ్య గోడ వైపు చూశాడు. దండ వేసిన ఫొటోలో సుందరలక్ష్మి ఎప్పటిలాగే నవ్వుతూ ఉంది.

“మా ఇంటామె పేరూ వద్దప్పా. తుంగభద్ర ట్రేడర్స్ అని పెట్టు. ఎవరో కొత్త అంగడోళ్ళు అనుకోవల్ల.”

“ఎవరు అనుకోవల్ల?”

“కడపోళ్ళు.”

ఆయన చొక్కా జేబులోంచి ఒక కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు. రంగుల ఏజెంటు ఎవరో ఇచ్చి పోయిన కార్డట. మంగంపేట ముగ్గురాయిని పొడి కొట్టించి అమ్మే కడప కంపెనీది. రంగుల్లో కలిపే ఆ పొడి కర్నూలు బజార్లో ఎన్ని మూటలు కావాలన్నా దొరుకుతుంది. దానికోసం కడపకు రాసే అమాయకుణ్ణి లేవి ఇంతవరకూ చూడలేదు.

“ఈడ దొరికేదానికి ఆడికెందుకు శెట్టిగారూ? అంతగా కావాలంటే ఒక ఫోన్ కొట్టండి, అయిపాయె.”

“ఫోన్లో నా గొంతు గుర్తు పడతారు. పెట్టేస్తారు.”

“అంత పగా?”

“వాళ్ళకేం పగప్పా, తప్పు నాది. ఆ కంపెనీలో వచ్చిన జాబులకు బదులు రాసే మనిషి ఒకప్పుడు ఈ గల్లాపెట్టె కాడ నా పక్కన కూచున్న మనిషే. లెక్కల్లో శానా గట్టి. నా మాట కాదని వేరేవాళ్ళతో పోతానంటే, నడి అంగట్లో నిలబెట్టి, మళ్ళీ ఈ గడప తొక్కొద్దు పో అంటి. నా నోరు పడిపోను! ఆ పొద్దు నుంచి మాటల్లేవు.”

“ఇప్పుడు బేరం అవసరమై దిగొచ్చినారన్న మాట!” అని లేవి నవ్వాడు.

“బేరమే అనుకో. కొనేవాళ్ళు రాస్తే కంపెనీ జవాబు ఇయ్యాల్సిందే కదా? ఒక్క ముక్క జవాబొస్తే సాలు నాకు.”

లేవి పేరు మార్చాడు. తుంగభద్ర ట్రేడర్స్ అని తెర మీద కనబడగానే పెద్దసుబ్బయ్య కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసుకున్నాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తెలుగులో చెప్పేది లేవి ఇంగ్లీషులో కొడుతున్నాడు.

“మాకు కావలసిన సరుకు. లాభం, తెల్లపొడి. రెండు, బూడిద రంగు పొడి.”

“లాభమేంది శెట్టిగారూ? ఒకటి కదా?”

“అంగట్లో ఒకటి అనకూడదప్పా. మొదటిది లాభమే.”

“ఇంగ్లీషు జాబులో లాభమేంది సామీ!”

“నేను చెప్పినట్టు కొడతావా లేదా?”

లేవి నవ్వుకుంటూ అట్లాగే కొట్టాడు. మోడెమ్ గరగరమని కూసింది. జాబు కడపకు పోయింది. వచ్చిందేమో చూసుకోవడానికి ఏ బటన్ నొక్కాలో చూపించి, లేవి తన దారిన తాను పోయాడు.

ఇక ఆ బటన్‌కు తీరిక లేదు. సున్నం కొనడానికి వచ్చినవాళ్ళను నిలబెట్టి మరీ నొక్కేవాడు పెద్దసుబ్బయ్య. హోటల్ నుంచి తెచ్చుకున్న క్యారియరు చల్లారిపోయేది. ఒక్కడే దాన్ని విప్పుకుని, “ఈ పొద్దూ రాలేదే” అని ఫొటోతో చెప్పి, నాలుగు మెతుకులు కతికేవాడు. అంగడి నిండా రంగులే. నోరు విప్పి మాట్లాడే మనిషి మాత్రం లేడు. పాపం, అంత ఒంటరితనం పగవాడికి కూడా వద్దు!

చివరికి లేవికి ఫోన్ చేశాడు. “ఏమప్పా, మిషన్ చెడిపోయినట్టుండాది. ఒకసారి వచ్చి చూడు.”

లేవి వచ్చి, తన మెయిలు నుంచి ఒక నమస్కారం పంపి చూశాడు. అది చక్కగా వచ్చి కూర్చుంది.

“మిషన్ బాగానే ఉండాది శెట్టిగారూ. రాయాల్సినోళ్ళే రాయలేదు.”

అనేసి నాలుక కరుచుకున్నాడు. పెద్దసుబ్బయ్య రంగు డబ్బా మూత ఒకటి తీసి, మళ్ళీ పెట్టాడు.

“ఎవరన్నా ఎందుకు రాస్తారులే. పొమ్మన్నది నేనే కదా.”

లేవి ఇంకో కంపెనీ అడ్రసు వెతికిస్తానన్నాడు. పెద్దసుబ్బయ్య వద్దని చెయ్యి ఊపాడు. ఏం చెయ్యాలో తోచక లేవి బటన్ ఇంకోసారి నొక్కాడు. మోడెమ్ కూసింది. తెర మీద కొత్త జాబు ఒకటి నల్లటి అక్షరాలతో వచ్చి నిలబడింది.

“వచ్చె! కడపదే శెట్టిగారూ!”

పెద్దసుబ్బయ్య కుర్చీని తెర దగ్గరికి లాక్కున్నాడు. “చదువప్పా. తెలుగు చేసి చెప్పు.”

“తుంగభద్ర ట్రేడర్స్ వారికి నమస్కారం. లాభం, తెల్లపొడి సిద్ధంగా ఉంది. రెండు, బూడిద రంగుది వచ్చే వారం వస్తుంది. మా ధరలు…”

“ధరలు ఇడ్సిపెట్టు. ఇంకేమైనా రాసినారా?”

లేవి కిందికి జరిపాడు. అక్కడ ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు ముక్క ఒకటి ఉంది. అతను దాన్ని మనసులో చదువుకున్నాడు. ఒకసారి పెద్దసుబ్బయ్య ముఖంలోకి చూసి, పైకి చదివాడు.

“నీ పేరుతోనే రాయి నాయనా, నీ కూతురు జవాబిస్తాది.”