మూడో చక్రం

"రేపు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి కడుపునొప్పి అనకమ్మా. పోయినసారి అదే నాటకం," అని కూతురు చినామి ఫోన్ పెట్టేసింది.

ఆపరేషన్‌లో కంటికి కత్తి తగులుతుందంటేనే మసునోకి భయం. నిద్ర పట్టక, చనిపోయిన భర్త కిహాచి ఆడుకునే పాత వీడియోగేమ్‌ని టీవీకి తగిలించింది. పచింకో హాలనే జూదశాలలో ఉండే యంత్రమే అందులోనూ ఉంటుంది. మూడు చక్రాలు తిరుగుతాయి, ఒక్కోదాని మీట మనం నొక్కితేనే ఆగుతాయి.

కాసేపటికి బహుమతి దీపం వెలిగింది. ఇక మూడు చక్రాల మీది ఏడు అంకెలనీ ఒక వరసలో ఆపాలి. పొర కమ్మిన కళ్లకి అంతా ఎర్రటి మసకే. హాల్లో అయితే గురి కుదరనివాళ్లు ఆపిపెట్టమని పక్కవాళ్లని అడుగుతారు. ఆమె ఎప్పుడూ కిహాచినే అడిగేది.

"ఏమండీ, కాస్త ఆపిపెట్టరూ," అంది అలవాటుగా, పక్కన అతను కూర్చునే ఖాళీ మెత్త వైపు తిరిగి.

ఆమె నొక్కకుండానే టక్‌మని చప్పుడై కుడి చక్రం ఆగింది. కుడినుంచి మొదలుపెట్టేది కిహాచి ఒక్కడే. మళ్లీ టక్‌మంది, నడిమిది ఆగింది. అతను నొక్కే మీటల పెట్టె మెత్త మీదే ఉంది. దాని తీగ దేనికీ తగిలించకుండా చుట్టింది చుట్టినట్టే ఉంది.

మసునో తెరకి ముక్కు ఆనించి చూసింది. రెండు చక్రాల మీదా ఏడే. మూడో చక్రం తిరుగుతూనే ఉంది. "చివరిది నువ్వే నొక్కు, లేకపోతే గెలుపంతా నేనే కొట్టేశానని నన్ను సాధిస్తావు," అని అతను ఎప్పుడూ ఒకటి వదిలేసేవాడు.

ఆమె తన చేతిలోని మీట మీద పెట్టిన వేలు తీసేసింది.

"గుడ్డిగా నొక్కి పాడుచెయ్యను. రేపు కళ్లు బాగుచేయించుకుని వచ్చి నొక్కుతాను. అందాకా ఉండండి."

టీవీ ఆపకుండా లేచి, ఆసుపత్రి సంచిలో తువ్వాలు పెట్టుకుంది. వెనక మెత్త మెల్లగా కుంగింది, ఎవరో తీరిగ్గా కూర్చున్నట్టు.