తప్పుడు జవాబులు

“లోపల ఈరోజు ఏం వారమని అడిగితే ఏం చెప్తారు?” అంది విశాలాక్షి, గొంతు తగ్గించి.

“శుక్రవారం అంటా.”

“మరి నిజంగా ఏం వారం?”

“నీకు తెలీదా ఏంది? మళ్ళీ నన్నెందుకు అడగడం?”

“సరే, అట్లే చెప్పండి,” అంటూ ఆమె ఆయన చొక్కాకి తప్పు పెట్టుకున్న గుండీలు సరిచేసింది.

మార్కాపురంలో స్కానింగు సెంటరు బల్ల మీద సుందరరామయ్య కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. గిద్దలూరులో నలభై ఏళ్ళు బట్టల దుకాణం నడిపిన మనిషి. ఎంత గడుసు బేరగాడి ముందైనా కళ్ళు దించినవాడు కాదు. అలాంటివాడు ఇవాళ ఒక యంత్రానికి భయపడుతున్నాడు. భయపడడా మరి? ఆరు నెలలుగా మతిమరుపు నటిస్తున్నాడాయె.

ఉపాయం భార్య విశాలాక్షిది. ఆయన తమ్ముడు పుల్లారావు దుకాణం రెండు ముక్కలు చెయ్యమంటున్నాడన్న కబురు తెచ్చిందీ ఆమే. మతి సరిగా లేని మనిషితో పంపకాలంటే పెద్దమనుషులు ఒప్పుకోరని, కొన్నాళ్ళు అన్నీ మరిచిపోయినట్టు ఉండమని చెప్పింది. ఆ మాటతో సుందరరామయ్యకు హుషారొచ్చింది. అంతకుముందు తాళంచెవులు ఎక్కడ పెట్టాడో తెలియక రెండు రోజులు అన్నం మానేసి కూర్చున్న మనిషాయన. వాళ్ళ నాయన పోయేముందు కన్నకొడుకునే పట్టుకుని ‘ఎవరబ్బాయివి’ అని అడిగాడు. ఆ జబ్బు తనకొస్తే ఒక్కరోజు కూడా బతకనని భార్యతో తెగేసి చెప్పాడు. నాటకం మొదలయ్యాక ఆ దిగులు పోయి, కడుపు నిండా తింటున్నాడు.

ఇప్పుడు పుల్లారావు పట్టుబట్టి చేయిస్తున్న ఈ స్కానింగుతో అంతా బయటపడేలా ఉంది. తల శుభ్రంగా ఉందని తేలితే దుకాణం ముక్కలే.

“పుల్లారావు ఏడీ?” అన్నాడు సుందరరామయ్య.

“కారు దగ్గర ఉన్నాడు.”

ఇందాక మెట్లెక్కేటప్పుడు పుల్లారావు అన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వంగి అన్న చెప్పులు తానే విప్పాడు. నలుగురూ చూస్తున్నారని ఎంత ప్రేమ ఒలకబోస్తున్నాడో అని సుందరరామయ్యకు ఒళ్ళు మండింది.

“పుల్లారావు ఏడే?”

“కారు దగ్గర. భలే అడుగుతున్నారు, అట్లే అడగండి. నర్సమ్మ వింటోంది.”

ఇంత బాగా నటించగలనని సుందరరామయ్య ఏనాడూ అనుకోలేదు. లోలోపల ముచ్చటేసింది.

డాక్టరు లీదియా లోపలికి పిలిచింది. ఆమె బల్ల మీద ముక్కలు ముక్కలుగా ఊడదీసే ప్లాస్టిక్ మెదడు బొమ్మ ఉంది.

“మూడు మాటలు చెప్తా, గుర్తుపెట్టుకోండి పెద్దాయనా. గొడుగు, రైలు, నిమ్మకాయ.”

గడియారం బొమ్మ గీయించి, నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టించి, ఆ మాటలేవో చెప్పమంది.

“రైలు,” అన్నాడు. మిగతా రెండూ చెప్పలేదు. అన్నీ చెప్పొద్దనేగా విశాలాక్షి చెప్పింది.

స్కానింగు గొట్టంలో పడుకోబెట్టాక దడదడా మోత మొదలైంది. సుందరరామయ్యకు చెమటలు పట్టాయి. ఆలోచనలు కూడా ఫొటోలో పడతాయేమో? తలలో ఏమీ లేకుండా చేసుకోవాలని చూశాడు. అనుకున్నదానికంటే సులువుగానే అయింది.

గంట తర్వాత లీదియా కంప్యూటరు వాళ్ళవైపు తిప్పింది.

“ఇది మీ వయసువాళ్ళ తలలు వందల్లో కొలిచి కట్టిన నమూనా. పక్కన ఉండేది మీది. రెండూ పోల్చి చూస్తే ఏ భాగం ఎట్ల ఉందో తెలిసిపోతుంది.”

సుందరరామయ్యకు నోరు ఎండిపోయింది. నీళ్ళు తెమ్మని భార్యను బయటికి పంపించి, తలుపు దగ్గరికి వేశాడు.

“మీకు దండం పెడతా డాక్టరమ్మా. నాకే జబ్బూ లేదు. అంతా నటన. తమ్ముడు వాటా అడుగుతున్నాడని ఇట్ల చేస్తున్నా. తల బాగుందని మాత్రం రాయొద్దు.”

 లీదియా ప్లాస్టిక్ మెదడు విప్పి, వేలెడంత ముక్క చేతిలోకి తీసుకుంది. కంప్యూటరులో ఆ చోటునే చాలాసేపు చూసింది.

“బాగుందని రాయనులే పెద్దాయనా.”

“సల్లగా ఉండు తల్లీ,” అన్నాడు సుందరరామయ్య. గండం గడిచినంత తేలిగ్గా బయటికి నడిచాడు.

నీళ్ళతో వచ్చిన విశాలాక్షిని లీదియా కూర్చోమంది. చేతిలోని ముక్క చూపించింది.

“కొత్త సంగతులు గుర్తుండేది దీనివల్లే అమ్మా. ఆయనకు ఇది సగానికి సగం కరిగిపోయింది. ఈ ఆరు నెలల్లో జరిగింది కాదు, ఏళ్ళుగా పోతా వచ్చింది. ఆయనేమో మరుపంతా నటనే అంటున్నాడు.”

విశాలాక్షి తలుపు సందులోంచి బయటికి చూసింది. సుందరరామయ్య బల్ల మీద కాళ్ళూపుకుంటూ నర్సమ్మతో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు.

“మీకు ముందే తెలుసా అమ్మా?” అంది లీదియా. “నటనేనని నిజంగానే నమ్ముతున్నాడు. అసలు ఆ మాట ఆయన మనసులో ఎట్ల పడిందో నాకర్థం కావడంలేదు.”

విశాలాక్షి తలుపు మూసింది.

“నేనే వేసినాను డాక్టరమ్మా.”