ఎర్రదారం కట్టిన గిన్నె

మంచు పిన్ని చేసే పళ్ళ ఐస్‌క్రీం కేకు ఏడంతస్తుల ఎత్తు. పై అంతస్తు కోయాలంటే స్టూలెక్కాల్సిందే.

సరే, ఏడు కాదు, మూడు. కింద వెన్నతో కలిపి అదిమిన బిస్కెట్ల పొడి, దాని మీద మామిడి వరస, ఆ పైన స్ట్రాబెర్రీ వరస. మధ్యమధ్య పళ్ళ ముక్కలు. స్టూలెక్కేది అటక మీది బిస్కెట్ల డబ్బా కోసం.

ఏటా మనవరాలి పుట్టినరోజుకి పిన్ని ఆ కేకు చేస్తుంది. అందుకే ఆ భవనంలో పిల్లా పెద్దా ఆమెను మంచు పిన్ని అంటారు.

తను మాత్రం ఒక్క ముక్కా తినదు. చల్లటిది తగిలితే పళ్ళు జివ్వుమంటాయి. తిన్నవాళ్ళు "బాగుంది పిన్నీ" అంటే చాలు, ఆమె కడుపు నిండిపోతుంది.

ఒక ఏడాది మేడమీది వాటాలోకి ఒకావిడ అద్దెకు దిగింది. ఒంటరి మనిషి. పలకరిస్తే మాట, లేకపోతే లేదు.

ఒకనాడు ఆవిడ పిన్ని మనవరాలికి కప్పులో ఇంత పళ్ళ ఐస్‌క్రీం పెట్టింది.

ఇక చూడండి, పిల్ల నోట వారమంతా అదే పాట. పైఇంటి అత్త ఐస్‌క్రీంలో ముక్కలు మెత్తగా ఉంటాయట. పైఇంటి అత్త పళ్ళని ముందు చక్కెరలో ఉడికిస్తుందట.

ఉడికించిన పళ్ళు జ్వరం మనిషికి పెడతారని పిన్ని మూతి విరిచింది.

చివరికి పిల్ల అననే అంది.

"అమ్మమ్మా, ఈసారి కేకు పైఇంటి అత్తని చేయమందామా?"

పిన్ని చేతిలో ఐసు ట్రే, కడుపులో కుంపటి.

ఇద్దరూ చేయాలని, ఎవరిది ముందు ఖాళీ అవుతుందో చూడాలని ఆమే పందెం పెట్టింది. గిన్నె తేడా అన్న మాట రాకుండా తన దగ్గరున్న జత గిన్నెల్లో ఒకటి పైకి పంపింది.

కానీ పుట్టినరోజు పొద్దున్నే కూతురు ఫ్రిజ్ నిండా విందు సరుకులు సర్దేసింది. అమ్మ గిన్నెకి చోటు ఉంచాలన్న ధ్యాసే లేదు. గతిలేక పిన్ని తన గిన్నెను కూడా మేడమీదికే మోసింది. గుర్తుకి దానికో ఎర్రదారం చుట్టింది.

ఆవిడ గిన్నె అందుకుని, లోపలికి చూసి, నెమ్మదిగా అంది.

"పిన్నిగారూ, కింది వరస ఇంకా కదుల్తోందండీ. అది గడ్డకట్టాక పైది పోస్తే..."

"నువ్వు పుట్టకముందు నుంచీ పోస్తున్నాను."

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుతో పిన్నికి ఇంకా మండింది.

"పిల్లని మెల్లిగా నీ వైపు తిప్పుకున్నావు. మా ఇంట్లో వంట కూతురిది, పెత్తనం అల్లుడిది. నాకు మిగిలింది ఏడాదికోసారి ఈ గిన్నె. అదీ నీకే కావాలా?"

ఆవిడ గిన్నె లోపల పెట్టి ఫ్రిజ్ తలుపు మూసింది.

సాయంత్రం రెండు కేకులూ బల్ల మీదికొచ్చాయి.

ఎర్రదారం గిన్నెలోది ఠీవిగా నిలబడింది. పసుపు వరస పసుపే, గులాబీ వరస గులాబీయే, గీత గీసినట్టు. కత్తి పెడితే దిగిపోయింది.

రెండోది కోస్తే రంగులన్నీ కలగాపులగం. ముక్కలు గులకరాళ్ళు. కొరికిన అల్లుడు దవడ పట్టుకుని కూర్చున్నాడు.

పిన్ని గిన్నె నిమిషంలో ఖాళీ అయింది. ఆవిడది అలాగే కరిగి నీరైంది.

అందరికీ అబ్బే విద్యా ఇది, అని పిన్ని పదిమందిలోనూ దెప్పింది. ఆవిడ తల వంచుకుని, తనకింకా చెయ్యి తిరగలేదని ఒప్పుకుంది.

కొన్నాళ్ళకి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. పీడ విరగడైందనుకుంది పిన్ని.

మరుసటి ఏడు పోటీ లేదు, తొందరా లేదు. పిన్ని తీరిగ్గా, కింది వరస గట్టిపడ్డాకే పైది పోసింది. కేకు బంగారంలా నిలబడింది.

మనవరాలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మళ్ళీ అరచేతిలోకి తీసేసింది.

"అమ్మమ్మా, మళ్ళీ రాళ్ళే వేశావేం? నిరుడు ఒక్కసారే కదా నువ్వు పళ్ళు ఉడికించింది."

అందరూ నవ్వారు. ఇన్నేళ్ళూ మొహమాటానికి నమిలామని అల్లుడు బయటపడిపోయాడు.

పిన్ని నవ్వలేదు. ఆమె ఏనాడూ పళ్ళు ఉడికించలేదు.

ఒక ముక్క తీసి తన నోట్లో వేసుకుంది. పళ్ళు జివ్వుమన్నా ఉమ్మలేదు.

మర్నాడే వాకబు చేసి, బస్సెక్కి, ఆవిడ గుమ్మం ముందు నిలబడింది.

"దారం ఎందుకు మార్చావే తల్లీ?" అనడిగింది.

ఆవిడ లోపలికి తీసుకెళ్ళి, పొయ్యి మీద గిన్నె పెట్టి, పళ్ళు ఎలా ఉడికించాలో చూపించింది.

ఈ కథలో ఇంతవరకూ అంతా జరిగిందే. బస్సెక్కిన దగ్గర్నుంచి మాత్రం నేను కల్పించాను.

ఆవిడ సామాన్ల లారీ కదులుతుంటే, ఎక్కడికెళ్తున్నావమ్మా అని అడగాల్సిన మనిషి ఆ రోజు కిటికీ రెక్కలు మూసుకుని కూర్చుంది.